ముసలి కుక్క ఒంటి మీద కొవ్వు కంతులు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సభ్యుల సమావేశంలో మా సంచార పశువైద్య బృందం చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశంలో కుక్కల సంగతేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజానికి ఈ రోజు చూడి గేదెల మేపు గురించి మాట్లాడాలని కాగితాలు రాసుకుని వచ్చాము. కాని పొద్దున పాల కేంద్రం దగ్గర జీపు దిగీ దిగగానే ఒక పెద్దమ్మ గారు మమ్మల్ని పట్టుకున్నారు. "గేదెల సంగతి తరవాత చెబుదురు గాని డాక్టరు బాబూ, ముందు మా కుక్క డొక్క మీద లేచిన గడ్డ చూసిపోండి. మా మనవడు కొడవలి కాల్చి వాత పెడతానని కూర్చున్నాడు" అన్నారు. వెళ్ళి చూశాము. తిరిగి వచ్చేలోగా దారిలో మరో ముగ్గురు నలుగురు "మా కుక్కకీ అలాంటిదే వుందండీ" అంటూ ఎదురయ్యారు. అందుకని కాగితాలు సంచిలోనే వుంచి, అధ్యక్షుల వారి అనుమతితో ఈ పూట ఈ కంతుల గురించే మాట్లాడుకుందామనుకున్నాము. మేపు సంగతి వచ్చే సమావేశానికి బాకీ.

కుక్క పాలివ్వదు, ఎరువు ఇవ్వదు. సంఘం జమాఖర్చుల పుస్తకంలో దానికి పద్దు లేదు. అయినా రాత్రి పూట పాకలో లేగదూడ దగ్గరికి నక్క రాకుండా చూసేది, పలుపు తెంచుకున్న గేదె చేలో పడితే మొరిగి మనల్ని లేపేది అదే. పదేళ్ళు అలా కాపలా కాసిన ప్రాణికి వయసు మీద పడ్డాక ఒంట్లో ఏదో లేస్తే "ముసలిది, ఇంకెన్నాళ్ళులే" అనడం మేము చాలా ఇళ్ళలో విన్నాము. అలా అన్న వాళ్ళే దాన్ని చూడ్డానికి మేము వంగితే పక్కన గొంతుకు కూర్చుని తల నిమురుతూ వుంటారు. అదీ చూశాము.

ఇక కంతి సంగతి. చర్మానికీ కండకీ నడుమ సహజంగానే ఒక పొర కొవ్వు వుంటుంది. ఆ కొవ్వు కణాలు ఒకచోట అదుపు లేకుండా పెరిగి ముద్దకడతాయి. ఇదే కొవ్వు కంతి. డాక్టర్లు లైపోమా అంటారు. ఇది క్యాన్సరు కాదు. ఒకచోట పుట్టి ఊపిరితిత్తులకో కాలేయానికో పాకే గుణం దీనికి లేదు. ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్కల్లో, అందులోనూ ఒళ్ళు చేసిన వాటిలో తరచు కనబడుతుంది. లాబ్రడార్, డాబర్‌మన్ వంటి జాతుల్లో మరీ ఎక్కువ. మన నాటు కుక్కలకూ వస్తుంది గాని మేము తక్కువే చూశాము. అంత వయసూ, అంత తిండీ రెండూ వాటికి దక్కడం అరుదు. పాల ఇంటి కుక్కలకు మాత్రం ఆ రెండూ దక్కుతాయి.

ఎక్కువగా రొమ్ము మీద, డొక్కల మీద, పొట్ట కింద, ముందు కాలి చంకలో, తొడ మొదట్లో లేస్తుంది. తడిమితే మెత్తగా, గుండ్రంగా వుంటుంది. వేళ్ళ మధ్య పట్టుకుని కదిపితే చర్మం కింద జారుతుంది. నొక్కితే కుక్క మూలగదు. మీద వెంట్రుకలు ఎప్పటిలాగే వుంటాయి. ఉసిరికాయంత వున్నది నిమ్మకాయంత కావడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. కొన్ని అక్కడే ఆగిపోతాయి. కొన్ని కుక్కలకు ఒకటి కాదు, ఒంటి నిండా అయిదారు వుంటాయి.

ఇంత చెప్పాక "అయితే మెత్తగా కదిలేదంతా కొవ్వు కంతే గదా, వదిలేస్తే సరి" అని మీరనుకుంటే ఆ తప్పు మాది. అసలు చిక్కు అక్కడే వుంది.

మీ కేంద్రంలో పాలు పోస్తారు. పాలు చిక్కగా కనబడ్డాయని, వేలు ముంచితే జిడ్డుగా తగిలాయని కార్యదర్శి గారు ఏడు శాతం వెన్న అని రాసుకుంటే మీరు ఒప్పుకుంటారా? పక్కవాడు అసలే ఒప్పుకోడు. వెనుకటి రోజుల్లో ఆమ్లం పోసి, ఆల్కహాలు వేసి, బ్యుటిరోమీటరు తిప్పి, వెన్న ఎక్కడికి తేలిందో చూసి రాసేవారు. ఇప్పుడు యంత్రం నిమిషంలో అంకె చూపిస్తోంది. పద్ధతి మారింది గాని సూత్రం మారలేదు. కంటితో, చేత్తో వెన్న శాతం తేల్చరు. కుక్క ఒంటి మీద కంతి కూడా అంతే. అది కొవ్వో కాదో చేత్తో తేల్చకూడదు. సూది పెట్టి చూడాలి.

ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. మా చేతుల మీద జరిగిన పొరపాటే చెబుతాము. కొన్నేళ్ళ కిందట ఒక ఊళ్ళో గాలికుంటు టీకాల శిబిరం. ఆ పూట గేదెలు వరసకట్టి వున్నాయి, ఎండ ముదిరిపోతోంది. ఒక సభ్యుడు తొమ్మిదేళ్ళ గోధుమరంగు కుక్కను తాడుతో తెచ్చాడు. వెనక తొడ మీద నిమ్మకాయంత కంతి. మాలో ఒకరం వంగి తడిమాము. మెత్తగా వుంది, కదులుతోంది. "కొవ్వు కంతే, భయం లేదు, పో" అన్నాము. అతను కదలలేదు. "ఒక్కోరోజు పెద్దదవుతోందండీ, మళ్ళీ తగ్గుతోంది" అన్నాడు. ఆ మాట మా చెవిన పడింది గాని మనసుకు పట్టలేదు. అప్పటికే మరో గేదె ముందుకు వచ్చింది.

కొవ్వు కంతి ఒకరోజు పొంగి మరురోజు తగ్గదు. అలా పొంగి తగ్గేది వేరే వుంది. దాన్ని మాస్ట్ కణాల కంతి అంటారు. కుక్కల చర్మానికి వచ్చే క్యాన్సర్లలో తరచు కనబడేది ఇదే. ఆ కణాల నిండా హిస్టమిన్ అనే పదార్థం వుంటుంది. కంతిని నలిపినా, గీకినా, ఒక్కోసారి ఏమీ చేయకపోయినా ఆ పదార్థం బయటికి వస్తుంది. అప్పుడు చుట్టూ ఎర్రబడి వాస్తుంది, దురద పుడుతుంది, కాసేపటికో రోజుకో తగ్గుతుంది. అదే పదార్థం రక్తంలో కలిసి కడుపులో ఆమ్లం ఎక్కువ చేస్తుంది, పుండ్లు వేయిస్తుంది. కుక్క వాంతులు చేసుకుంటుంది, తారులా నల్లగా విరోచనం అవుతుంది. ఇదంతా మాకు తెలియనిది కాదు. తెలిసి కూడా ఆ రోజు అడగలేదు.

అయిదు నెలల తరువాత అతను మళ్ళీ వచ్చాడు. కంతి పగిలి పుండై వుంది. కుక్క తిండి మాని నాలుగు రోజులయింది. నల్లటి విరోచనం. గజ్జల్లో గ్రంథి కూడా గట్టిపడింది. అప్పుడు సూది పెట్టి గాజు పలక మీద పరిచి రంగు వేసి చూస్తే నిండా ఊదారంగు చుక్కలతో కణాలు. చేయగలిగింది చేశాము గాని చేయగలిగింది ఎంతో లేదు. మూడు వారాలకు అది పోయింది. అతను మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "తమరు చెప్పారు గదా అని వూరుకున్నానండీ" అన్నాడు, అంతే. తిట్టి వుంటే కొంత నయంగా వుండేది. మొదటి రోజే సూది పెట్టి వుంటే, చుట్టూ మంచి చర్మం కూడా రెండు మూడు సెంటీమీటర్ల మేర కలిపి కోసి తీసేసి వుంటే, బతికి వుండేదని గట్టిగా అనలేము గాని బతకడానికి వీలుండేది. అప్పటి నుంచి మా బృందంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. సూది పెట్టకుండా ఏ కంతికీ పేరు పెట్టకూడదు. ఎంత తొందరలో వున్నా సరే.

అందుకని మీకు చెప్పే కొలత ఇది. కంతి శనగ గింజ కన్నా పెద్దదయిందా, కనబడి నెల దాటిందా, వెంటనే డాక్టరుకు చూపించండి. మెత్తగా వుందనో, కుక్క హుషారుగా వుందనో ఆగవద్దు. కుక్కకు నాలుగు కంతులుంటే నాలుగింటికీ సూది పెట్టమనండి. ఒక క్యానులో పాలు బాగున్నాయని వరసలో వున్న క్యాన్లన్నీ బాగున్నట్టేనా?

సూది అంటే జంకనక్కర లేదు. మత్తు ఇవ్వరు, కోయరు. టీకాకు వాడే మామూలు సన్న సూదే. కంతిని రెండు వేళ్ళతో బిగించి పట్టుకుని గుచ్చి, లోపలే కొద్దిగా దిశ మార్చి, సిరంజితో లాగి, వచ్చిన దాన్ని గాజు పలక మీదికి ఊదుతారు. కొవ్వు కంతి అయితే పలక మీద నూనె చుక్కల్లా మెరుస్తుంది. ఎంతసేపు ఆరబెట్టినా ఆరదు. మీ ఇంట్లో నెయ్యి మరక గాజు మీద పడితే ఎలా వుంటుందో అలాగే. కంటికి కనబడ్డ ఆ జిడ్డుతో సరిపెట్టుకోకుండా సూక్ష్మదర్శిని కింద కూడా చూడాలి. ఎందుకంటే కంతి పక్కనే మామూలు కొవ్వు వుంటుంది గదా, సూది పొరపాటున అందులో దిగినా జిడ్డే వస్తుంది. అందుకే మేము ఒకే కంతిలో రెండు మూడు చోట్ల గుచ్చుతాము. డాక్టరు గారు మళ్ళీ మళ్ళీ గుచ్చుతున్నారేమిటని విసుక్కోకండి. మీ పశువుల ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని లేకపోయినా పలకను ఆరబెట్టి పశువైద్య కళాశాలకు పంపవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలోనూ, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులలోనూ కళాశాలలున్నాయి.

మరొక సంగతి, కొవ్వు కంతిలో చీము వుండదు, నీరు వుండదు. సూదితో లాగితే ఖాళీ అయిపోతుందని కొందరు అడుగుతారు. పొదుగు పిండినట్టు పిండినా అది రాదు. లోపల వున్నది గడ్డకట్టిన వెన్న లాంటి ముద్ద.

ఇప్పుడు ఇంటి వైద్యాల గురించి కొంచెం కటువుగా మాట్లాడతాము, మన్నించండి. ఒక ఊళ్ళో పదేళ్ళ కుక్క రొమ్ము మీద బత్తాయంత కంతి లేచింది. ముందు పసుపూ సున్నమూ పట్టు వేశారు. తగ్గలేదు. తరవాత ఎవరో చెబితే నల్లజీడి గింజ కాల్చి రసం పెట్టారు. నల్లజీడి రసం చాకలి గుర్తుకు వాడేది, గుడ్డ మీద పడితే జన్మలో పోదు, ఒంటి మీద పడితే చర్మం బొబ్బలెక్కి ఊడిపోతుంది. అలాగే ఊడింది. కుక్క నాకింది, నోరు కూడా పొక్కింది. ఆ పుండు మీద ఈగ వాలింది. మేము వెళ్ళేసరికి అరచేయంత పుండు, నిండా పురుగులు. పురుగులన్నీ ఏరి శుభ్రం చేసి, రోజు విడిచి రోజు కట్టు మారుస్తూ వస్తే మానడానికి నెల మీద పది రోజులు పట్టింది. పుండు మానాక, పక్కన ఇంకా మిగిలి వున్న కంతికి సూది పెట్టి చూశాము. ఉత్త కొవ్వు. దాని దోవన దాన్ని వదిలేసి వుంటే ఆ కుక్కకు ఏ బాధా లేదు. రోగం చేయని హాని వైద్యం చేసింది.

వాతలు పెట్టడమూ అంతే. కాలిన చర్మం కింద కంతి అలాగే వుంటుంది. పైగా అది మాస్ట్ కణాల కంతి అయితే కాల్చడం వల్ల ఒక్కసారిగా హిస్టమిన్ విడుదలయి కుక్క అక్కడికక్కడే కూలిపోవచ్చు. గుర్రపు వెంట్రుకతో మొదట్లో బిగించి కట్టడం, కిరసనాయిలు రాయడం, బ్లేడుతో గీరడం, ఇవేవీ వద్దు. జంతువులను ఇలా హింసించడం 1960 నాటి చట్టం కింద నేరం కూడా. అయితే మేము చట్టం పేరు చెప్పి బెదిరించడానికి రాలేదు. మీరు అది చేసేది ప్రేమతోనే అని మాకు తెలుసు.

బ్లేడు మాట వచ్చింది గనుక హెర్నియా గురించి ఒక్కమాట. గజ్జల్లో గాని, బొడ్డు దగ్గర గాని మెత్తటి ఉబ్బు వుండి, కుక్కను వెల్లకిలా పడుకోబెట్టి మెల్లగా ఒత్తితే లోపలికి పోతుంటే అది కంతి కాదు. లోపలి కొవ్వో పేగో కండ సందులోంచి జారి చర్మం కిందికి వచ్చిందన్న మాట. దాన్ని గడ్డ అనుకుని కోస్తే కోసేది పేగునే. ఒకచోట మేము సరిగ్గా బ్లేడు మంట మీద కాల్చే సమయానికి వెళ్ళాము.

పోలినవి మరికొన్ని వున్నాయి. వేడిగా, ఎర్రగా వుండి, ముట్టుకుంటే కరవబోతే చీము గడ్డ అయివుండవచ్చు. కుక్కలు కొట్లాడుకున్న వారం లోపల లేచేవి చాలావరకు ఇవే. దవడ కింద, భుజం ముందు, వెనక మోకాలి వెనుక, రెండు వైపులా సమానంగా గట్టిపడితే అవి కొత్తగా లేచిన కంతులు కావు, ఒంట్లో వున్న లింఫు గ్రంథులే వాచాయని అర్థం. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో వాస్తాయి, లింఫు క్యాన్సరులోనూ వాస్తాయి. రెండింటికీ రక్తపరీక్ష, సూది పరీక్ష కావాలి.

(ఇక్కడ ఒక సోదరి లేచి, తమ ఆడ కుక్కకు పాల సళ్ళ వరసలో గట్టి బిళ్ళలు తగులుతున్నాయని, అదీ కొవ్వేనా అని అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారమ్మా. గేదెకు సళ్ళు నాలుగే, కుక్కకు మామూలుగా అయిదు జతలు. ఆ వరసలో గట్టి బిళ్ళ తగిలితే కొవ్వు కంతి అని ఎప్పుడూ అనుకోకండి. ఆడ కుక్కల పొదుగు కంతుల్లో సుమారు సగం క్యాన్సరే. చిన్నగా వున్నప్పుడే ఆపరేషను చేసి తీయించాలి. ఈ వారంలోనే చూపించండి. దీనికి ముందు జాగ్రత్త కూడా వుంది. మొదటి ఎదకు రాకముందే గర్భసంచీ, అండాశయాలూ తీయించే ఆపరేషను చేయిస్తే ఈ జబ్బు దాదాపు రాదు. ఎదలు గడిచిన కొద్దీ ఆ రక్షణ తగ్గిపోతుంది. మీ దానికి ఆ కాలం దాటిపోయింది గాని, ఇంట్లో దాని కూన వుందన్నారు గదా, దానికి చేయించండి.

సరే, సూది పెట్టారు, కొవ్వు కంతే అని తేలింది. ఏం చేయాలి? చాలా సార్లు ఏమీ చేయనక్కర లేదు. ఈ మాట వినడానికి కష్టంగా వుంటుంది. డాక్టరు అన్నాక ఒక సూదిమందో బిళ్ళో ఇవ్వాలి గదా అని చూస్తారు. కొవ్వు కంతిని కరిగించే బిళ్ళ మా దగ్గర లేదు. ఎవరైనా వుందని అమ్మితే డబ్బు దండగ. తేలిన రోజున దర్జీ టేపుతో గాని, టైను దారంతో గాని పొడవూ వెడల్పూ కొలిచి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. గేదె కట్టిన తేదీ రాసుకుంటారే, ఆ పక్కనే. మూడు నెలలకొకసారి మళ్ళీ కొలవండి. ఆకారం మారినా, గట్టిపడినా, కదలడం మానినా, రెండు మూడు వారాల్లోనే కంటికి తెలిసేంత పెరిగినా మళ్ళీ చూపించండి. కొవ్వు కంతుల్లోనే కండల మధ్యకు వేళ్ళూనుకునే రకం ఒకటి వుంది. అది దూరానికి పాకదు గాని ఆపరేషను చేసినా మళ్ళీ లేవవచ్చు. కొవ్వు కణాల నుంచే పుట్టే అసలు క్యాన్సరు కూడా వుంది, చాలా అరుదు.

తీయించవలసినవి కొన్ని వుంటాయి. నడకకు అడ్డం వచ్చేవి, పడుకుంటే నేలకు ఒరుసుకుని పుండు పడేవి, ఆగకుండా పెరిగేవి. రెండేళ్ళ కిందట ఒక సభ్యుడి కుక్కకు ముందు కాలి చంకలో కొబ్బరికాయంత కంతి వుండేది. కాలు బయటికి పెట్టి, మూడు కాళ్ళ పీట మీద కూర్చుని పాలు పితికే వాడిలా కాలు ఎడంగా వేసి నడిచేది. పాక చుట్టూ తిరగడం మానేసి గుమ్మంలో పడుకునేది. పన్నెండేళ్ళ వయసు. మత్తుకు తట్టుకోదేమోనని ఆయన భయం. ఆ భయం తప్పు కాదు. వయసు మళ్ళిన కుక్కకు మత్తు ఇచ్చే ముందు రక్తపరీక్ష చేసి మూత్రపిండాలు, కాలేయం ఎలా వున్నాయో చూడాలి, గుండె వినాలి. అవన్నీ బాగానే వున్నాయి. మేము ముందు రెండు నెలలు తిండి తగ్గించమన్నాము. ఒళ్ళు తగ్గితే మత్తు సులువు, కోత సులువు. తరువాత ఆపరేషనుకు ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టవద్దని, నీళ్ళు మాత్రం వుంచమని చెప్పి పంపాము.

కంతి పొర తెగకుండా ఉల్లిపాయ వలిచినట్టు వచ్చేసింది. పెద్ద కంతి తీస్తే కింద ఖాళీ మిగులుతుంది. అందులో నీరు చేరుతుంది. నాలుగో రోజున చేరింది, ఆయన హడలిపోయి కంతి మళ్ళీ లేచిందని కబురు పెట్టారు. సూదితో నీరు తీసి బిగువుగా కట్టు కట్టాము, తగ్గింది. తీసిన కంతిలో ముక్కను ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపాము. తీశాక కూడా పరీక్ష ఎందుకంటారా? సూది చూసేది నాలుగు చుక్కలు, పరీక్షశాల చూసేది లోపలి అల్లిక అంతా. కొవ్వేనని జవాబు వచ్చింది. పన్నెండు రోజులకు కుట్లు విప్పాము. ఈ కుట్ల రోజుల్లో ఈగ వాలకుండా చూడడమే పెద్ద పని. పాక దగ్గర ఈగలు మీకు తెలియనివి కావు. కుక్క కుట్లు నాకకుండా పాత ప్లాస్టిక్ బక్కెట్టు అడుగు తీసేసి మెడకు తగిలించాము. అంచుకు గుడ్డ చుట్టారు ఆ ఇంటి ఇల్లాలు, మెడ ఒరుసుకోకుండా. అది మాకు తోచలేదు. ఆ తరువాత అన్ని కుక్కలకూ అలాగే చేస్తున్నాము.

నొప్పి బిళ్ళల గురించి తప్పనిసరిగా చెప్పాలి. మనం తలనొప్పికి మింగే పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి మీ అంతట మీరు కుక్కకు వేయకండి. కడుపులో పుండ్లు పడతాయి, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతింటాయి. గేదెలకు కూడా డైక్లోఫినాక్ వద్దు. ఆ మందు వున్న కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేలి 2006లో పశువుల వాడకానికి దాన్ని నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్‌లను కూడా నిషేధించారు. కుక్కకు నొప్పి వుంటే దాని బరువు చూసి డాక్టరు ఇచ్చిందే వేయండి.

తిండి సంగతి క్లుప్తంగా. మీగడ గిన్నె, నెయ్యి కాచిన గిన్నె కుక్క ముందు పెట్టకండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకు రాకూడదు. ఒళ్ళు తగ్గితే వున్న కంతి పోదు గాని కీళ్ళకు, గుండెకు సుఖం. ఇంకో సంగతి, గేదె ఈనాక వేసిన మాయను కుక్కకు పారేయకండి, లోతుగా పూడ్చండి. గేదెలు ఈసుకుపోయే జబ్బుల్లో ఒకటి కుక్కల ద్వారా మేతకు చేరుతుంది. దీని గురించి వేరే పూట విడిగా చెబుతాము.

కుక్కను చూపించడానికి తెచ్చేటప్పుడు ఎంత సాధువయినా మూతికి గుడ్డ కట్టండి. గజం పొడవు మెత్తటి పేలిక తీసుకుని, మూతి మీద ఒక చుట్టు వేసి, కొసలు గడ్డం కింద మెలివేసి, చెవుల వెనక ముడి వేయాలి. వాంతులవుతున్నా, రొప్పుతున్నా కట్టవద్దు. పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటా వేయించండి. కరిచినా, గీరినా ఆ చోటు సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట సేపు కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి. మన కుక్కే గదా అనుకోవద్దు.

పొద్దుటి పెద్దమ్మ గారి కుక్క సంగతి చెప్పలేదు. పదకొండేళ్ళ నల్ల కుక్క, డొక్క మీద బత్తాయంత కంతి. మూడు చోట్ల గుచ్చాము. మూడు పలకల మీదా జిడ్డు చుక్కలే. జీపులో వున్న సూక్ష్మదర్శిని కింద కూడా కొవ్వు కణాలు తప్ప మరేమీ కనబడలేదు. వాళ్ళ మనవడితోనే దారం పెట్టి కొలిపించాము, పొడవు ఏడు, వెడల్పు ఆరు సెంటీమీటర్లు. క్యాలెండరు మీద అతనే రాశాడు. కొడవలి చూరులోకి వెళ్ళింది. మూడు నెలల తరువాత టీకాలకు వచ్చినప్పుడు మళ్ళీ కొలుస్తామన్నాము. మీలో మిగిలిన వాళ్ళు ఈ సమావేశం అయిన వెంటనే మీ కుక్కలను కేంద్రం పక్క వేపచెట్టు దగ్గరికి తీసుకురండి. గాజు పలకలు మా దగ్గర ఇరవై దాకా వున్నాయి. సాయంత్రం పాల వేళ లోపల ముగించాలి.